కెమరర్ చేప పలకలు: చీల్చడం, శుభ్రం చేయడం, పేరు తేల్చడం (ప్రాజెక్టు డైరీ)

దశ 1: రాయి ఎక్కడిది, ఏది తెచ్చుకోవచ్చు

ఇందులోని చేప శిలాజాల పలకలన్నీ అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో, కెమరర్ ఊరి దగ్గర డబ్బు కట్టి తవ్వుకునే ఒక ప్రైవేటు క్వారీ నుంచి తెచ్చినవి. రాయి గ్రీన్ రివర్ ఫార్మేషన్‌కు చెందిన పొరల సున్నపురాయి. ఈయోసీన్ కాలంలో అక్కడ ఉన్న ఫాసిల్ లేక్ అనే సరస్సు అడుగున పేరుకున్న మెత్తటి ఒండ్రు ఇలా గట్టిపడింది. వయసు దాదాపు 5.2 కోట్ల ఏళ్ళు.

సుత్తి తీసే ముందు నేల ఎవరిదో తెలుసుకోవాలి. 1972లో ఏర్పడిన ఫాసిల్ బ్యూట్ నేషనల్ మాన్యుమెంట్ హద్దుల్లో చిన్న ముక్క కూడా తీయకూడదు. కేంద్ర ప్రభుత్వ భూముల్లో ఆకులు, నత్తగుల్లల శిలాజాలు కొద్దిగా ఏరుకోవచ్చు కానీ, చేపతో సహా వెన్నెముక ఉన్న ఏ జంతువు శిలాజమైనా పర్మిట్ లేకుండా తీయడం నేరం (2009 చట్టం). మిగిలినవి ప్రైవేటు క్వారీలు, రాష్ట్రం లీజుకిచ్చిన నేలలు. లీజు నేలల్లో అరుదైన జాతులు రాష్ట్రానికే చెందుతాయి. డబ్బు కట్టేటప్పుడే "అరుదైనది దొరికితే ఎవరిది?" అని అడిగి, క్వారీ పేరు, తేదీ ఉన్న రసీదు తీసుకోవాలి. రేపు ఆ పలకను ఎవరికి చూపించినా మొదట అడిగేది ఆ కాగితమే.

అక్కడి చేపలు ముఖ్యంగా రెండు రకాల పొరల్లో దొరుకుతాయి. రెండింటికీ పని వేరు.

స్ప్లిట్ ఫిష్ పొరలో రాయి సరిగ్గా చేప మధ్యగా చీలుతుంది. సగం ఎముకలు ఒక పలక మీద, సగం రెండో పలక మీద ఉండిపోతాయి. నారింజ కలిసిన గోధుమ రంగులో చేప వెంటనే కనిపిస్తుంది, శుభ్రం చేయాల్సింది తక్కువ.

18 అంగుళాల పొరలో చేప రాయి లోపలే ఉంటుంది. పైన పల్చటి రాతి తొడుగు, వెన్నెముక ఉన్నచోట చిన్న ఉబ్బు, అంతే కనిపించేది. ఎముకలు ముదురు గోధుమ రంగులో, చెక్కు చెదరకుండా ఉంటాయి. పని మాత్రం గంటల లెక్కన సాగుతుంది.

దశ 2: చీల్చడం

పనిముట్లు: చిన్న సుత్తి, 5 నుంచి 8 సెం.మీ. వెడల్పున్న పల్చటి ఉలులు రెండు, కళ్ళద్దాలు, చేతితొడుగులు. ఇంటి గోడలు కొట్టే మందం ఉలి ఇక్కడ పనికిరాదు. అది పొరల మధ్యకు దూరదు, అంచును నలిపేస్తుంది.

1. దిమ్మను నిలబెట్టి అంచును చూడండి. ముదురు, లేత గీతలు వంతుల వారీగా కనిపిస్తాయి. ఉలి మొన ముదురు గీత మీద పెట్టాలి.
2. ఒక్క దెబ్బ కొట్టి, ఉలిని నాలుగు వేళ్ళ దూరం జరిపి మళ్ళీ ఒక్క దెబ్బ. ఇలా చుట్టూ తిరగాలి.
3. సుత్తి చప్పుడు బోలుగా మారగానే ఆపి, రెండు ఉలులూ ఎదురెదురుగా దూర్చి మెల్లగా ఎత్తాలి.
4. విడిపోయిన రెండు ముఖాలనూ ఎండ ఏటవాలుగా పడేట్టు తిప్పి చూడాలి. నడి మధ్యాహ్నం ఎండలో ఉబ్బులు కనబడవు. పొద్దువాలాక, లేదా చీకట్లో టార్చి పలక అంచుకు ఆనించి వేస్తే వేలి మందం గీతలా వెన్నెముక తేలుతుంది. 18 అంగుళాల పొర వెతికేవాళ్ళు రాత్రిపూట దీపాలు పెట్టి పనిచేసేది ఇందుకే.

ఉలిని ఒకే చోట పెట్టి బలంగా కొడితే రాయి పొర వెంట పోకుండా అడ్డంగా పగులుతుంది. పగులు ఎక్కువగా చేప మీదుగానే వెళుతుంది, ఎందుకంటే అక్కడ రాయి పట్టు తక్కువ.

ఎదురు పలకను, అంటే చీలినప్పుడు విడిపోయిన రెండో సగాన్ని, చాలామంది క్వారీలోనే పారేస్తారు. "బాగున్న సగం" ఒకటి చాలని లెక్క. ఆ లెక్క ఎంత ఖరీదైనదో దశ 7లో తెలుస్తుంది. రెండు సగాలకూ అక్కడే పెన్సిలుతో 3ఎ, 3బి అని నంబరు వేయాలి.

మోసుకెళ్ళేటప్పుడు పలకలను పళ్ళేల్లా ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. మధ్యలో అట్టముక్కలు పెట్టి అంచు మీద నిలబెట్టాలి. 30×30 సెం.మీ. పలక ఒక సెంటీమీటరు మందం ఉంటే రెండు కిలోల దాకా తూగుతుంది. కింది పలక ఆ బరువును నడుం మీద మోస్తే రోడ్డు మీది మొదటి గుంతకే విరుగుతుంది.

లెక్క: పలకలు 12 (స్ప్లిట్ ఫిష్ పొర 9, 18 అంగుళాల పొర 3). ఎదురు పలకలు 6. చేపలు 17. తొలి అంచనా (చేపల రకాలు, వాటి తేడాలు దశ 7లో): నైటియా 14, డిప్లోమిస్టస్ 1, ప్రిస్కకారా 1, తెలియనిది 1.

దశ 3: ఆరబెట్టడం, కోయడం

క్వారీ నుంచి వచ్చిన రాయిలో తేమ ఉంటుంది. అది ఒక్కసారిగా ఆరితే పొరలు విచ్చుకుంటాయి. 6 మి.మీ. మందమే ఉన్న 5వ పలక ఎండ తగిలే కిటికీ పక్కన ఉండి మూడు ముక్కలైంది. మిగతావాటిని చెక్కబద్దల మీద, కింద కూడా గాలి ఆడేలా పరిచి, పైన వార్తాపత్రిక కప్పి నీడలో ఉంచాం. ఒక్కటీ పగల్లేదు. బరువు రోజూ తూచి రాసుకుంటే ఆరిందో లేదో తెలుస్తుంది. తగ్గడం ఆగిపోతే ఆరినట్టే.

చుట్టూ ఉన్న అదనపు రాయి తీయడానికి వజ్రపు పళ్ళెం ఉన్న యాంగిల్ గ్రైండరు వాడాం.

1. గీత పలక వెనకవైపు గీయాలి. ముందు టార్చితో చేప హద్దులు చూసి, చుట్టూ కనీసం 3 సెం.మీ. వదలాలి.
2. మందంలో సగం వరకే కోసి, బల్ల అంచున పెట్టి విరవాలి.
3. ఆరుబయట, పి100 ఫిల్టరు మాస్కుతోనే కోయాలి. పొరల మధ్య అగ్నిపర్వతపు బూడిద కూడా ఉంటుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు వట్టి సున్నపు దుమ్ము కాదు. గుడ్డ మాస్కు చాలదు.

నీళ్ళు పోసి కోస్తే దుమ్ము లేవదు, నిజమే. కానీ నీరు పొరల మధ్యకు పాకుతుంది. పల్చటి పలకలకు అది పడదు. 8వ పలకలో ఒక చేప తోక కోతలో పోయింది. కారణం: తోక రెక్క ఇంకా రాతి తొడుగు కింద ఉండగా, కనిపిస్తున్న వెన్నెముక చివరి నుంచే 3 సెం.మీ. కొలిచారు. తోక రెక్క ఆ చివరి తర్వాత మొదలవుతుంది. కొలత తోక కొస ఉంటుందని అంచనా వేసిన చోటు నుంచి తీయాలి.

లెక్క: చేపలు 17. చెక్కుచెదరనివి 15, ముక్కలైంది 1, తోక పోయింది 1.

దశ 4: సూది పని

మొదటి రెండు చేపలను తల నుంచి తోకకు వరుసగా శుభ్రం చేశాం. ఆ తర్వాత పద్ధతి మార్చాం. పేరు తేల్చడానికి పనికొచ్చే చోట్లు చేపలో నాలుగైదే ఉంటాయి. వీపు రెక్క మొదలు, తోక కింది రెక్క (తోకకు ముందు, పొట్ట వైపు అంచున ఉండేది) మొదలు నుంచి చివర దాకా, తల వెనక వీపు అంచు, పొట్ట అంచు, మొప్ప మూత ముందు ఎముక. ఇవన్నీ అంచుల్లో ఉండేవే, సన్నటివే. చెయ్యి అలసిపోయాక చివర్లో ముట్టుకుంటే పాడయ్యేవీ ఇవే. అందుకే ఇప్పుడు ముందు ఈ చోట్లు, తర్వాత వెన్నెముక, ఆఖరున ఖాళీ రాయి. అందంగా కనిపించే పక్కటెముకలు పేరు తేల్చడానికి పెద్దగా ఉపయోగపడవు.

పనిముట్లు: పిన్ వైస్‌లో బిగించిన కార్బైడ్ సూది, 10 రెట్లు పెద్దగా చూపే స్టీరియో మైక్రోస్కోపు, మెత్తటి బ్రష్షు, గాలి బుడ్డి. సూది మొన ముల్లులా ఉంటే ఎముక మీద గీత పడుతుంది. వజ్రపు రాయి మీద అరగదీసి అర మిల్లీమీటరు వెడల్పు ఉలిలా చేసుకోవాలి.

1. ఎముక ఎటు సాగితే సూదీ అటే. అడ్డంగా గీరితే రెక్క పుల్లలు ఒకదాని వెనక ఒకటి లేచి వస్తాయి.
2. సూదిని పలకకు దాదాపు పడుకోబెట్టి తొయ్యాలి. నిలబెట్టి పొడవకూడదు.
3. రాయి తెల్లటి పొడిగా రాలుతుంది. పొడిలో గోధుమ రంగు కనిపించిన క్షణం ఆపాలి, అది ఎముక.
4. ఎముక పెచ్చు లేస్తుంటే ఆ చోట మాత్రమే బి-72 (అసిటోన్‌లో కరిగే ప్లాస్టిక్ జిగురు, దశ 6) పల్చటి ద్రావణం ఒక చుక్క. చేపంతా ముందే పూసేస్తే తర్వాత రాయి కూడా ప్లాస్టిక్ పట్టి సూదికి జిగటగా తగులుతుంది.

ఎయిర్ స్క్రైబు, అంటే గాలితో కొట్టుకునే సన్నటి ఉలి, 18 అంగుళాల పొరకే వాడాం. అది కూడా ఎముకకు 2 మి.మీ. దూరం వరకే. స్ప్లిట్ ఫిష్ పలకల మీద దాని అదురుకు ఎముక పెచ్చులు లేచాయి, పొడి ఊదగానే ఎగిరిపోయాయి.

వెనిగర్ వాడొచ్చు కదా అని తరచూ అడుగుతుంటారు. వద్దు. ఆమ్లం సున్నపురాయిని తింటుంది, కానీ ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. పొరల్లోకి ఇంకి, ఆరాక తెల్లటి లవణంగా పైకి తేలి ఎముకను ఎత్తేస్తుంది.

లెక్క: సూదితో పూర్తయినవి 13 చేపలు. కార్బైడ్ సూదులు 4 అరిగాయి. మిగిలినవి 4, వాటిలో 3 రాతి తొడుగు కింద ఉన్నవి.

దశ 5: పొడి ఊదడం

18 అంగుళాల పొర పలకలకు గాలితో పాటు సన్నటి పొడిని ఊదే మైక్రో బ్లాస్టరు కావాలి. పొడి ఎంచుకోవడం గట్టిదనం లెక్క. మోహ్స్ కొలత మీద సున్నపురాయి 3, డోలమైట్ 3.5 నుంచి 4, చేప ఎముకలోని అపటైట్ 5. కాబట్టి డోలమైట్ రాయిని తింటుంది, ఎముకను పెద్దగా ముట్టదు. వంటసోడా 2.5 దగ్గర ఉంటుంది, ఆఖరి పల్చటి పొరకు మంచిది. అల్యూమినియం ఆక్సైడ్ 9. ఇనుము తుప్పు వదిలించేవాళ్ళకు అది వదిలేయండి.

పనికిరాని అంచుముక్క మీద చేసిన పరీక్ష (డోలమైట్, బ్లాస్టరు ముక్కు రంధ్రం అర మి.మీ., దూరం 1 సెం.మీ., కోణం 40 డిగ్రీలు; పీఎస్ఐ అంటే గాలి ఒత్తిడి కొలత):

15 పీఎస్ఐ: చాలా నెమ్మది, కానీ పొలుసులు కూడా నిలిచాయి.
25 పీఎస్ఐ: రాతి తొడుగుకు సరిపోయింది.
40 పీఎస్ఐ: రాయి వేగంగా పోయింది, దాంతోపాటు రెక్క పుల్లల కొసలూ పోయాయి. ఎముక గట్టిదే అయినా కింది రాయి కరిగిపోతే అది గాలిలో వేలాడుతుంది, అప్పుడు గాలి దెబ్బకే విరుగుతుంది.

తొడుగుకు 25, ఎముక రంగు నీడలా కనిపించగానే 15, రెక్కల మీద 15తో వంటసోడా అని ఖాయం చేసుకున్నాం.

మొదట్లో బ్లాస్టరు ముక్కు పదేపదే మూసుకుపోయింది. తప్పు పొడిది కాదు, గాలిలో తేమది. కంప్రెసరు వేడిగాలి గొట్టంలో చల్లబడి నీరు వదులుతుంది, సోడా గడ్డ కడుతుంది. బ్లాస్టరుకు దగ్గరగా తేమ పట్టే ఫిల్టరు పెట్టి, పొడిని వాడే ముందు జల్లించాక ఆ బెడద తీరింది. పనంతా అద్దం మూత ఉన్న పెట్టెలో, వెనక హెపా ఫిల్టరు ఉన్న వాక్యూమ్ నడుస్తుండగానే చేయాలి.

ఎక్కడ ఆపాలన్నదే అసలు ప్రశ్న. ఎముకల మధ్య రాయిని కూడా తొలిచేస్తే ఫొటోలో చేప బాగా లేచి కనిపిస్తుంది. అమ్మేవాళ్ళు అలాగే చేస్తారు. కానీ పొలుసులు, పొట్ట అంచు కవచాలు ఆ రాయి మీదే ఆని ఉంటాయి. ఎముక పై తలం తేలగానే ఆపాం.

లెక్క: డోలమైట్ 1.8 కిలోలు, సోడా 400 గ్రాములు. పూర్తయినవి 17కి 17.

దశ 6: గట్టిపరచడం, అతికించడం

పారలాయిడ్ బి-72 గింజలు, అసిటోన్. మ్యూజియంలలో వాడేది ఇదే. మళ్ళీ అసిటోన్ తగిలిస్తే కరిగి వచ్చేస్తుంది కాబట్టి పని తిరగదోడొచ్చు.

1. గట్టిపరిచే ద్రావణం: 100 మి.లీ. అసిటోన్‌లో 3 నుంచి 5 గ్రాములు. గింజలను జాలీగుడ్డలో మూటకట్టి గాజుసీసాలో వేలాడదీస్తే కరుగుతాయి, అడుగున వేస్తే ముద్ద కడతాయి.
2. జిగురు: 50 మి.లీ.కి 50 గ్రాములు. రాత్రంతా పడుతుంది.
3. రెండింటికీ సీసా మీద పేరు, పాళ్ళు రాయాలి. కిటికీలు తెరిచి, నిప్పుకు దూరంగా వాడాలి.

వానపట్టిన రోజు పూసిన 2వ పలక మీద తెల్లటి మసక కమ్మింది. అసిటోన్ ఆవిరయ్యేటప్పుడు రాయి చల్లబడి, గాలిలోని తేమ దాని మీద పడుతుంది. పొడి వాతావరణంలో అసిటోన్ బ్రష్షుతో మళ్ళీ తడిపితే పోయింది. మెరుపు వస్తే ద్రావణం చిక్కనైందని అర్థం, దానికీ మందు అసిటోనే.

5వ పలక మూడు ముక్కలనూ జిగురుతో అతికించి ఇసుక డబ్బాలో నిలబెట్టి ఆరనిచ్చాం. సూపర్ గ్లూ వాడితే నిమిషంలో అయ్యేది, కానీ అది పగులు వెంట రాతిలోకి పాకి చెరగని ముదురు మరక వేస్తుంది.

బి-72కు ఒక బలహీనత ఉంది. దాదాపు 40 డిగ్రీల దగ్గర అది మెత్తబడుతుంది. ఎండలో నిలిపిన కారులో అతుకు జారుతుంది. ఇలాంటి పలకను విజయవాడకో రామగుండానికో పంపే ఆలోచన ఉంటే మే నెల గది వేడిని లెక్కలో పెట్టుకోండి. గోడకు నిలువుగా తగిలించకుండా, వెనక ఆధారం పెట్టి పడుకోబెట్టి ఉంచాలి.

దశ 7: పేరు తేల్చడం

నైటియా 1987 నుంచి వయోమింగ్ రాష్ట్ర శిలాజం. అక్కడ ఎక్కువగా దొరికేదీ అదే. అందుకే చిన్న చేప కనిపిస్తే చెయ్యి తనంతట తానే "నైటియా" అని రాసేస్తుంది. అసలు చిక్కు డిప్లోమిస్టస్ పిల్లలతో.

పనికొచ్చే తేడాలు ఇవి. డిప్లోమిస్టస్ డెంటాటస్‌కు తోక కింది రెక్క చాలా పొడుగు, పుల్లలు 30 దాటతాయి. నైటియాకు ఆ రెక్క పొట్టి, 20 లోపే. రెండింటికీ వీపు మీద కవచపు పొలుసులు ఉంటాయి కాబట్టి అవి "ఉన్నాయి" అంటే చాలదు. డిప్లోమిస్టస్‌వి వెడల్పుగా ఉండి, వెనక అంచున దువ్వెన పళ్ళలాంటివి ఉంటాయి. నోరు పైకి తిరిగి ఉంటుంది. పొట్ట లోతు ఎక్కువన్నది ఆఖరి సాక్ష్యం మాత్రమే, నలిగిన చేపలో అది అబద్ధం చెబుతుంది.

కొలిచే వరుస:

1. ముక్కు కొస నుంచి వెన్నెముక చివరి చదునైన ఎముక దాకా పొడవు. తోక రెక్కను కలపకూడదు.
2. అన్నిటికంటే వెడల్పైన చోట ఒంటి లోతు. లోతును పొడవుతో భాగించాలి.
3. తోక కింది రెక్క పుల్లలు. ఫొటో తీసి పెద్దది చేసి, మొదళ్ళ దగ్గర లెక్కించాలి. కొసల దగ్గర పుల్ల చీలిపోతుంది, లెక్క పెరుగుతుంది.
4. ముళ్ళు, మెత్తటి పుల్లలు వేరువేరుగా.

నైటియా అని రాసిన 14లో రెండు, 54 మి.మీ., 61 మి.మీ. పొడవున్నవి, డిప్లోమిస్టస్ పిల్లలు. మొదటిదానిలో రెక్క పుల్లలు 36 వరకు స్పష్టంగా లెక్కకొచ్చాయి. రెండోదానిలో రెక్క సగం లేదు. మంచి పలక (7ఎ) మీద వీపు అంచు కూడా ఖాళీ. దువ్వెన అంచు కవచాలు ఎదురు పలక 7బి మీద అతుక్కుని ఉన్నాయి. క్వారీలో పారేస్తే ఆ చేప ఎప్పటికీ నైటియాగానే ఉండేది.

మరొకటి, 11వ పలక చేప, రెక్కా లేదు, వీపు అంచూ లేదు, ఎదురు పలకా లేదు. తెలియనివాటిలో చేరింది.

మిగిలిన 11 నైటియాలో తొమ్మిదింటి లోతు, పొడవు నిష్పత్తి 0.27 నుంచి 0.32 మధ్య వచ్చింది. వాటిని నైటియా ఈయోసీనా కింద రాశాం. దీని అన్న లాంటి నైటియా ఆల్టాకు ఒళ్ళు మరింత లోతు. రెండు చేపలు వంకరగా నలిగాయి, వాటికి జాతి పేరు లేకుండా "నైటియా" అనే ఉంచాం. వంకర చేప నిష్పత్తితో జాతి తేల్చడం కంటే ఖాళీ వదలడం నయం.

ప్రిస్కకారా అనుకున్నది 18 అంగుళాల పొర చేప. వీపు రెక్కలో 10 ముళ్ళు, తోక కింది రెక్కలో 3 ముళ్ళు, అక్కడిదాకా సరే. కానీ మొప్ప మూత ముందు ఎముక అంచున ప్రిస్కకారా సెర్రాటాకు ఉండే పెద్ద రంపపు పళ్ళు లేవు. కాబట్టి ఇది కాకరెలైటిస్ లయాప్స్. పాత పుస్తకాల్లో, అమ్మకపు చీటీల్లో ఇది ఇప్పటికీ ప్రిస్కకారా లయాప్స్ అనే ఉంటుంది. 2010లో వేరు చేశారు. ఆ అంచు మీద 40 పీఎస్ఐ పెట్టి ఉంటే పళ్ళు లేవో, ఊడాయో చెప్పలేకపోయేవాళ్ళం.

ఈ పలకల్లో రాకపోయినా అక్కడ దొరికేవి: వీపు మీద రెండు రెక్కలుంటే మయోప్లోసస్ అనుమానించాలి, దాని నోట్లో మింగబోయిన చేప అప్పుడప్పుడు అలాగే ఉంటుంది. పొడవాటి ఛాతీ రెక్కలు, పదునైన పళ్ళు, బాగా వెనక్కి జరిగిన వీపు రెక్క ఉంటే ఫారియోడస్. నోరు కిందికి తిరిగి ఉంటే నోటోగోనియస్. పళ్ళెంలా గుండ్రంగా ఉండి తోక కొరడాలా ఉంటే టేకు చేప, ఎక్కువగా హీలియోబాటిస్. అలాంటిది తగిలితే అక్కడే పని ఆపి క్వారీవాళ్ళను పిలవాలి.

పోలికకు కొన్న ఒక పలకను అతినీలలోహిత టార్చి కింద చూస్తే తోక రెక్క మాత్రం వేరే రంగులో మెరిసింది. అసిటోన్ తడిపిన దూది రుద్దగానే గోధుమ రంగు దూదికి వచ్చింది. రంగుతో గీసిన తోక. కొనేవాళ్ళు ఈ రెండు పరీక్షలూ పేరు రాసే ముందే చేయాలి, లేకపోతే లేని పుల్లలు లెక్కపెడతారు.

ఇదే వరుస గోదావరి, ప్రాణహిత లోయలోని కోట సున్నపురాయి చేపలకు పనిచేయదు. జురాసిక్ కాలపు లెపిడోటిస్ డెక్కనెన్సిస్ లాంటి వాటికి ఒంటి నిండా మందపాటి మెరిసే పలకల పొలుసులు ఉంటాయి. వెన్నెముక కనబడదు, చూడాల్సింది పొలుసుల ఆకారం, వాటి వరుసలు.

లెక్క: నైటియా 11 (ఈయోసీనా 9, జాతి తేలనివి 2), డిప్లోమిస్టస్ 3, కాకరెలైటిస్ 1, తెలియనివి 2. మొత్తం 17. బి-72 గింజలు 65 గ్రాములు.

దశ 8: చీటీలు

పలక వెనక బి-72 జిగురుతో ఒక పట్టీ పూసి, ఆరాక దాని మీద సన్నటి నల్ల ఇంకుతో నంబరు రాసి, పైన మళ్ళీ ఒక పూత. మార్కరు పెన్ను నేరుగా రాస్తే సున్నపురాయి ఇంకు పీల్చి అలుకుతుంది.

చీటీలో ఉండాల్సినవి: నంబరు (ఎ, బి సహా), క్వారీ, పొర పేరు, తేదీ, పొడవు, లోతు, రెక్క పుల్లల లెక్క, పేరు, ఆ పేరుకు ఆధారం ఏది కనిపించింది, అతుకులు, వాడిన జిగురు. ఆధారం గడి తప్పనిసరి. 7వ చేపకు అక్కడ "వీపు కవచాలు, 7బి మీద" అని ఉంది. 11వ చేపకు పేరు గడిలో "హెర్రింగ్ లాంటి చిన్న చేప", ఆధారం గడిలో "తోక కింది రెక్క లేదు, వీపు అంచు లేదు, ఎదురు పలక లేదు" అని రాసి పెట్టెలో పెట్టాం.